గిల్డ్‌లోంచి తీసేస్తే అన్నయ్య దూరమైపోతాడా?

డాలస్ దగ్గర్లో ఉంటున్న ఒక పాఠకురాలు చాలా పెద్ద ఉత్తరం రాశారు, పేరు వేయొద్దన్నారు. ఆమె వయసు 34. ఇంటి నుంచే ఉద్యోగం, భర్త, ఏడేళ్ళ పాప. అన్నయ్యది మెల్‌బోర్న్. నాన్నగారు పోయాక తెనాలిలో ఇల్లు అమ్మే దగ్గర మాటా మాటా పెరిగి, రెండేళ్ళుగా అన్నాచెల్లెళ్ళ మధ్య ఫోన్లు లేవు. అయితే ఆ గొడవకు ముందే ఇద్దరూ ఏఎఫ్‌కే అరీనా అనే ఫోన్ గేమ్ ఆడటం మొదలుపెట్టారు. ఒకే సర్వర్, ఒకే గిల్డ్, అంటే ఒకే ఆటగాళ్ళ జట్టు. ఫోన్లు ఆగిపోయినా ఆటలో అన్నయ్య దగ్గర్నుంచి రోజూ ఒక హార్ట్, స్నేహితులు పంపుకునే చిన్న కానుక, వస్తూనే ఉంది, ఈమె తిరిగి పంపుతూనే ఉన్నారు.

చాలాకాలం పేరుకి మాత్రమే ఆడిన ఆమె ఆరు నెలలుగా పట్టుదలగా ఆడుతున్నారు. మూడు నెలలుగా 15వ అధ్యాయంలో ఒకే చోట ఆగిపోయారు. 14 మంది హీరోల్ని పెంచుతున్నారు. షెమీరా 161 లెవెల్, లూసియస్ 141, బ్రూటస్ 133, లైకా, నెమోరా 121. మిగతా తొమ్మిది మంది 80 నుంచి 120 మధ్యలో ఉన్నారు. నాలుగు నెలల్లో 380 డాలర్లు పెట్టారు, అదీ ఇద్దరి పేరా ఉన్న కార్డు మీద. ‘మా ఆయనకి వంద లోపే అని చెప్పాను’ అని రాశారు. ఆస్ట్రేలియాలో ఉన్న గిల్డ్ ఆఫీసర్లు వాళ్ళ సాయంత్రం పూట గిల్డ్ అంతా కలిసి కొట్టే బాస్ సోరెన్‌ని తెరుస్తారట. ఇక్కడ అది తెల్లవారుజామున రెండున్నర. దానికోసం అలారం పెట్టుకుని లేస్తున్నారు. ఇంత చేసినా, ఈ నెలాఖరుకి యాక్టివిటీ పెరగకపోతే గిల్డ్‌లోంచి తీసేస్తామని లీడర్ చెప్పాడు. అన్నయ్య కూడా ఆఫీసరే. ఏమీ మాట్లాడలేదు.

‘ఇంకో వంద డాలర్లు పెడితే బయటపడతానా? కొత్త సర్వర్‌లో మొదట్నుంచి ఆడనా? లేకపోతే ఆట తీసేసి ఊరుకోనా? తీసేస్తే అన్నయ్యకీ నాకూ మిగిలిన ఆ ఒక్క దారీ మూసుకుపోతుందేమో’ అన్నది ఆమె ప్రశ్న.

మీ భయంతోనే మొదలుపెడదాం. దానికి సగం జవాబు ఆట మెనూలోనే ఉంది.

గిల్డ్ వేరు, ఫ్రెండ్స్ లిస్టు వేరు. హార్ట్‌లు వచ్చేది ఫ్రెండ్స్ లిస్టు నుంచి. గిల్డ్ మిమ్మల్ని తీసేసినా, మీరే బయటికి వచ్చేసినా అన్నయ్య ఆ లిస్టులోనే ఉంటారు. హార్ట్‌లు వస్తాయి, విడిగా మెసేజ్ పెట్టుకోవచ్చు, ఆయన హీరోని అరువు కూడా అడగొచ్చు. ఇవాళే ఫ్రెండ్స్ లిస్టు తెరిచి ఆయన పేరు ఉందో లేదో చూడండి. ఒకవేళ ఇన్నాళ్ళూ గిల్డ్ సభ్యులుగానే కలిసి ఉండి, ఆ లిస్టులో లేకపోతే, గిల్డ్‌లో ఉండగానే రిక్వెస్ట్ పంపండి. రోజూ హార్ట్ వస్తోందంటున్నారు కాబట్టి ఉండే ఉంటారు. మూడు నెలలుగా మీ నిద్ర చెడగొడుతున్న ముడి ఇక్కడే సగం విడిపోయింది.

రెండో సగం అంత తేలిక కాదు. ఆ హార్ట్‌కి మీరు చాలా అర్థం ఇచ్చుకున్నారు. ఆటలో ఒక్క బటన్ నొక్కితే లిస్టులో ఉన్న అందరికీ హార్ట్‌లు వెళ్ళిపోతాయి. మీ అన్నయ్య రోజూ మీ పేరు వెతికి పంపుతున్నారో, అందరితో పాటు మీకూ వెళుతోందో ఆ హార్ట్‌ని చూసి చెప్పలేం. లిస్టులోంచి ఒకరి పేరు తీసేయడానికీ ఎంతోసేపు పట్టదు, రెండేళ్ళ కోపంలో ఆయన ఆ పని చేయలేదు. ఈ రెండూ నిజాలే. దీన్ని బట్టి ఆయన మనసు ఫలానా అని నేను తేల్చను, మీరూ తేల్చుకోవద్దు. దీని దగ్గరికి చివర్లో వస్తాను. ముందు మీ నిద్ర, ఆ తర్వాత ఆట, తర్వాత డబ్బు.

ఏఎఫ్‌కే అంటేనే కీబోర్డు దగ్గర లేకపోవడం. షాంఘైకి చెందిన లిలిత్ గేమ్స్ 2019లో ఈ ఆటను తెచ్చింది కూడా మనిషి పక్కన లేనప్పుడు నడిచేదిగానే. మీరు నిద్రపోతున్నా ఐదుగురు హీరోలు పోరాడుతుంటారు, పెట్టెలో హీరోల లెవెల్ పెంచడానికి కావలసిన బంగారం, ఎక్స్‌పీ, డస్ట్ చేరుతుంటాయి. పెట్టె మామూలుగా 12 గంటల్లో నిండిపోతుంది. నిండాక ఇంకేమీ చేరదు. కాబట్టి పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి తెరిస్తే నష్టపోయేది దాదాపు లేదు. అర్ధరాత్రి తెరిచినంత మాత్రాన ఒక్క గింజ ఎక్కువ రాదు.

ఆటలో రోజు మారేది యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం, సున్నా గంటలకి. టెక్సాస్‌లో వేసవిలో అది సాయంత్రం 7, చలికాలంలో 6. మెల్‌బోర్న్‌లో మీ వేసవి రోజుల్లో ఉదయం 10, మీ చలికాలంలో 11. మీ ఉత్తరం చదివితే, రోజు మారగానే అన్నీ చేసేయాలని మీరు అనుకుంటున్నట్టుంది. సరిగ్గా వంట వేళ, పాప హోంవర్కు వేళ. ఆ అవసరం లేదు. సాయంత్రం 7 నుంచి మర్నాడు సాయంత్రం 7 లోపు ఎప్పుడు చేసినా ఆ రోజు లెక్కలోకే వస్తుంది. పాపని బడి దగ్గర దింపి వచ్చాక ఇరవై నిమిషాలు కేటాయించండి. పెట్టె తెరవడం, రోజుకొకసారి ఉచితంగా వచ్చే ఫాస్ట్ రివార్డ్, హార్ట్‌లు, బౌంటీ బోర్డు, అరీనాలో ఉచిత పోరాటాలు, గిల్డ్ బాస్ రిజ్, ఒకసారి కాంపెయిన్, ఒకసారి కింగ్స్ టవర్. ఇవి పూర్తయ్యేసరికి రోజువారీ పనుల పట్టీ దాదాపు నిండుతుంది. గిల్డ్ ఆఫీసర్లకి సభ్యుల లిస్టులో కనిపించే యాక్టివిటీ పాయింట్లు వచ్చేది ఈ పట్టీ నుంచే. లీడర్ తక్కువగా ఉందంటున్నది దీన్నే. తెల్లవారుజామున రెండున్నరకి లేచారా, పొద్దున తొమ్మిదికి ఆడారా అన్నది అందులో కనపడదు.

ఇక సోరెన్. గిల్డ్ కూడబెట్టిన పాయింట్లతో ఆఫీసర్లు దాన్ని తెరుస్తారు, నిజమే. తెరిచిన నిమిషంలోనే మూసుకుపోయే తలుపు కాదది. ఇంకా ఎంతసేపు ఉంటుందో గిల్డ్ హంటింగ్‌లో టైమర్ చూపిస్తుంది. అలారం ఈ రాత్రే తీసేసి, పొద్దున లేచాక టైమర్ చూడండి. ఎప్పుడైనా నిజంగా అందకపోతే పోయేవి కొన్ని గిల్డ్ కాయిన్లు, అంతే. వాటితో గిల్డ్ స్టోర్‌లో గేర్ కొంటాం, అది ఒక వారం ఆలస్యమవుతుంది.

ఇప్పుడు ఆ 15వ అధ్యాయం గోడ. మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది, 14 మంది పేర్లూ లెవెల్‌లూ ఓపికగా రాయడం. అది చూడగానే ఎక్కడ తేడా వచ్చిందో తెలిసిపోయింది.

రెజొనేటింగ్ క్రిస్టల్ లెక్క ఇలా ఉంటుంది. మీ దగ్గరున్న వాళ్ళలో పై ఐదుగురిని అది తీసుకుంటుంది. ఆ ఐదుగురిలో అందరికంటే తక్కువ లెవెల్ ఎవరిదో, స్లాట్లలో పెట్టిన మిగతా హీరోలందరికీ ఆ లెవెల్ ఊరికే వస్తుంది. మీ ఐదుగురిలో తక్కువ 121. అంటే మిగతా తొమ్మిది మందికీ మీరు ఖర్చుపెట్టిన ప్రతి చుక్క డస్టూ వృథాయే. వాళ్ళని 1వ లెవెల్‌లో ఉంచి స్లాట్‌లో పెట్టినా, వాళ్ళ అసెండ్ మెట్టు (ఒకే హీరో కాపీలు కలిపి పెంచే స్థాయి) ఒప్పుకున్నంత వరకు, 121 దాకా వచ్చేవాళ్ళు. డస్ట్ ఎక్కువ మింగేది ఇరవై లెవెల్‌లకొకసారి వచ్చే మెట్ల దగ్గర, 120 నుంచి 121, 140 నుంచి 141, 160 నుంచి 161. ఆ మెట్టు దాటినప్పుడే హీరో బలం ఒక్కసారిగా పెరుగుతుంది, అందుకే అక్కడ డస్ట్ అడుగుతుంది. మీ డస్ట్ తొమ్మిది చిల్లులున్న కుండలో పోసిన నీళ్ళయింది.

దీన్ని సరిచేసుకోవచ్చు, డబ్బుతో పని లేదు. రికెటీ కార్ట్‌లో హీరోని రీసెట్ చేస్తే 20 డైమండ్లు, అంటే ఆటలోని సొమ్ము, తీసుకుంటుంది. ఆ హీరో మళ్ళీ 1వ లెవెల్‌కి వస్తాడు, అతని మీద పోసిన బంగారం, ఎక్స్‌పీ, డస్ట్ మొత్తం మీ చేతికి తిరిగొస్తాయి. అసెండ్ చేసిన మెట్టు మాత్రం తగ్గదు, అది అలాగే ఉంటుంది. తొమ్మిది మందికి 180 డైమండ్లు. కొత్త హీరోని పిలిచే ఒక్క సమ్మన్‌కయ్యే 300 కంటే తక్కువ.

ఇక్కడ తొందరపడితే దెబ్బ తింటారు, కాబట్టి ఒక వరుసలో వెళ్ళండి. ముందు క్రిస్టల్ తెరిచి, పైనున్న ఐదుగురి పేర్లు కాగితం మీద రాసుకోండి. వాళ్ళని ముట్టుకోవద్దు. పొరపాటున వాళ్ళలో ఒకరిని రీసెట్ చేస్తే ఐదో స్థానంలోకి కింది లెవెల్ హీరో వస్తాడు, స్లాట్లలో ఉన్నవాళ్ళంతా ఒక్కసారి పడిపోతారు. ఆ తర్వాత మిగతా తొమ్మిది మందిని ఒక్కొక్కరుగా రీసెట్ చేయండి. వచ్చిన డస్ట్‌తో షెమీరాని ఇంకా పైకి లాగాలనిపిస్తుంది, లాగొద్దు. లైకా, నెమోరాలని 141కి తీసుకురండి, తర్వాత బ్రూటస్‌ని. వాళ్ళు వాళ్ళ అసెండ్ మెట్టు దగ్గర ఆగిపోతే, అక్కడికి ఎంతవరకు వెళ్ళగలరో అంతవరకే. ఐదుగురిలో చివరివాడు 121 నుంచి 141కి వస్తే స్లాట్లలో ఉన్న వాళ్ళూ వాళ్ళ అసెండ్ మెట్టు ఒప్పుకున్నంత మేర 20 లెవెల్‌ల దాకా పైకి వస్తారు. రీసెట్ చేసిన వాళ్ళలో ఆటకు పనికొచ్చే వాళ్ళని స్లాట్లలో పెట్టండి, కాస్త ఆలోచించే పెట్టండి, ఎందుకంటే స్లాట్‌లోంచి ఒకరిని తీస్తే మళ్ళీ ఆ స్లాట్ వాడుకోవడానికి 24 గంటలు పడుతుంది.

టీమ్ గురించి కూడా ఒక మాట. వర్గాల లెక్కన చూస్తే, మీరు ఇప్పుడు ఆడుతున్న ఐదుగురిలో ఒకరు గ్రేవ్‌బార్న్, ఒకరు లైట్‌బేరర్, ఒకరు మాలర్, ఇద్దరు వైల్డర్లు. అందరూ మంచి హీరోలే, కానీ కలిసి నిలబడ్డందుకు వచ్చే బోనస్ మీకు ఒక్క శాతం కూడా రావడం లేదు. ఒకే వర్గం వాళ్ళు ముగ్గురుంటే దాడికీ ప్రాణానికీ 10 శాతం, ముగ్గురికి తోడు మరో వర్గం వాళ్ళు ఇద్దరుంటే 15, నలుగురైతే 20, ఐదుగురూ అయితే 25. మీ లిస్టులో కింద పడి ఉన్న గ్రెజుల్, ఇసబెల్లా, రోవాన్‌లని క్రిస్టల్ స్లాట్లలో పెట్టి పైకి తెచ్చారనుకోండి, ముందు లూసియస్, గ్రెజుల్, వెనక షెమీరా, ఇసబెల్లా, రోవాన్. ముగ్గురు గ్రేవ్‌బార్న్, ఇద్దరు లైట్‌బేరర్, 15 శాతం. గ్రెజుల్ పిలిచే అస్థిపంజరాలు శత్రువుల్ని ముందే ఆపుతాయి, లూసియస్ కాపాడతాడు, షెమీరా అల్టిమేట్‌కి, అంటే ఆమె పెద్ద దెబ్బకి, కావలసిన ఎనర్జీని రోవాన్ అందిస్తాడు. ఆ అల్టిమేట్ ఎంత తొందరగా పడితే ఆమె అంతగా శత్రువుల ప్రాణం లాగి తన ప్రాణం నింపుకుంటుంది.

అయితే ఇదే టీమ్‌తో అన్నిచోట్లా వెళ్ళకండి. లైట్‌బేరర్లు మాలర్ల మీద, మాలర్లు వైల్డర్ల మీద, వైల్డర్లు గ్రేవ్‌బార్న్‌ల మీద, గ్రేవ్‌బార్న్‌లు లైట్‌బేరర్ల మీద 25 శాతం ఎక్కువ దెబ్బ కొడతారు. ఎదురుగా వైల్డర్లు నిండి ఉంటే షెమీరా ఎంత పెద్దదైనా తేలిపోతుంది. అక్కడ బ్రూటస్‌ని ముందు పెట్టండి, చావుదెబ్బ తగిలినా కొన్ని సెకన్లు చావకుండా నిలబడతాడు, ఆ సెకన్లే వెనకవాళ్ళకి కావాలి.

ఓడిపోయినప్పుడు వెంటనే మళ్ళీ నొక్కకుండా ఎలా ఓడారో చూడండి. పోరాటానికి ఉన్నది 90 సెకన్లు. మొదటి పదిహేను సెకన్లలో ముందువాళ్ళు కూలిపోతే లెవెల్ చాలలేదు, లేదా నిలబెట్టిన చోటు తప్పు. మీవాళ్ళు బతికుండగానే గడియారం అయిపోతే ప్రాణానికి లోటు లేదు, దెబ్బలో లోటు ఉంది, ఒక హీలర్‌ని తీసి కొట్టేవాళ్ళని పెట్టండి. ఎదురుగా ఒక్కడు, కొంచెం ప్రాణంతో మిగిలితే అదే టీమ్‌తో ఐదారుసార్లు ఆడండి, క్రిటికల్ దెబ్బలు ప్రతిసారీ ఒకేలా పడవు, ఓడినందుకు పోయేదీ లేదు. ఆటో తీసేసి అల్టిమేట్‌లు మీరే నొక్కి చూడండి. పైగా ప్రతి స్టేజ్ దగ్గరా దాన్ని గెలిచిన వాళ్ళ రికార్డులు ఉంటాయి. మీకంటే తక్కువ బలంతో గెలిచినవాళ్ళు ఎవరిని ఎక్కడ నిలబెట్టారో అందులో కనిపిస్తుంది. చాలామంది ఆ బటనే నొక్కరు.

పీక్స్ ఆఫ్ టైమ్ అనే సాహసాల విభాగంలో మొదటి రెండు మ్యాప్‌లే పూర్తి చేశానని రాశారు. అక్కడున్న పెట్టెల్లో గేర్, డైమండ్లు, డ్యూరా ఆర్టిఫాక్ట్‌లు ఉన్నాయి, అన్నీ ఉచితం. ఒక పోరాటంలో తగిలిన దెబ్బ తర్వాతి పోరాటంలోకీ వస్తుంది కాబట్టి ఒక్క హీరో మీదే భారం వేయకండి. దారి తప్పితే మ్యాప్ రీసెట్ చేసి మళ్ళీ మొదలుపెట్టవచ్చు. వారానికొక మ్యాప్ చొప్పున, ఆదివారం మధ్యాహ్నం, పాపని పక్కన కూర్చోబెట్టుకుని ఆడదగ్గవి. కొన్నింటిలో మీటలు, దారులు, బండ్లు ఉంటాయి, పిల్లలకి నచ్చుతాయి.

ఇవన్నీ చేస్తే గోడ దాటతారా? కొన్ని స్టేజ్‌లు తప్పకుండా దాటతారు. ఆ తర్వాత మరో గోడ వస్తుంది. ఈ ఆట నడిచే తీరే అంత. గోడ దగ్గర కొన్ని రోజులు ఆగడం, డస్ట్ చేరాక మళ్ళీ కదలడం. ఆగినప్పుడల్లా ఏదో తప్పు చేశామని అనుకోవడం వల్లే చెయ్యి కార్డు మీదికి వెళుతుంది.

‘ఇంకో వంద’ ప్రశ్నకి సూటిగా చెబుతాను. లాభం లేదు. మీకు కొరతగా ఉన్నది హీరోలు కాదు, ఉన్న హీరోలకి పోయాల్సిన డస్ట్. సమ్మన్ లెక్క కూడా ఒకసారి చూడండి. ఎలీట్, అంటే మేలురకం, హీరో వచ్చే అవకాశం 4.61 శాతమని సమ్మన్ చేసే టావెర్న్‌లోనే చూపిస్తుంది, 30 సమ్మన్లలో ఒకటి ఖాయం. ఈ రెండూ కలిపి లెక్కేస్తే సగటున 16, 17 సమ్మన్లకి ఒక ఎలీట్. పది కలిపి 2,700 డైమండ్ల చొప్పున చేసినా ఒక ఎలీట్‌కి సుమారు 4,400. నాలుగింట ఒకసారి 30వ సమ్మన్ దాకా వెళ్ళాల్సి వస్తుంది. విష్ లిస్టులో వర్గానికి ఐదుగురు చొప్పున 20 మందిని పెట్టుకుంటారు. వచ్చే ఎలీట్‌లంతా ఆ లిస్టులోంచే వస్తారనుకున్నా, మీరు కోరుకున్న ఒక్క హీరో కాపీకి సగటున 88,000 డైమండ్లు. పూర్తిగా అసెండ్ చేయాలంటే అలాంటి కాపీలు 8 కావాలి, అరుదైన సెలెస్టియల్, హైపోజియన్ వర్గాల హీరోలకైతే 14. ఈ దూరం వంద డాలర్లతో దగ్గరయ్యేది కాదు. ఎవరొస్తే వాళ్ళతో టీమ్ కట్టుకునేవాళ్ళకే ఈ ఆట కలిసొస్తుంది. డైమండ్లు ఖర్చుపెట్టక తప్పదనిపిస్తే 50 డైమండ్ల ఫాస్ట్ రివార్డ్‌కి పెట్టండి, రెండు గంటల రాబడి, అందులో డస్ట్ ఉంటుంది.

380 డాలర్ల సంగతి మీ ఆయనకి చెప్పాలా వద్దా అని మీరు అడగలేదు. కానీ ‘వంద లోపే అని చెప్పాను’ అన్న మాట కాగితం మీద పెట్టారంటే అది మీకు గుచ్చుకుంటోందనే. చెప్పకుండా ఉంటే ఏమవుతుంది? అది ఇద్దరి కార్డు, స్టేట్‌మెంట్‌లో ప్రతి కొనుగోలూ తేదీతో సహా ఉంటుంది. పన్ను లెక్కలప్పుడో, ఇంకేదైనా వెతుకుతున్నప్పుడో కనిపిస్తుంది, అప్పుడు మాట్లాడుకునేది డబ్బు గురించి కాదు, అబద్ధం గురించి. మీరే చెబితే ఒక సాయంత్రం ఇబ్బందిగా గడుస్తుంది. చెప్పేటప్పుడు మొత్తం చెప్పండి, 380 అని. సగం చెప్పి సగం దాస్తే మళ్ళీ ఇదే చోటికి వస్తారు. చెప్పడంతో పాటు ఒక పని కూడా చేసి చూపించండి. ఐఫోన్ అయితే స్క్రీన్ టైమ్‌లో కంటెంట్ అండ్ ప్రైవసీ దగ్గర యాప్‌ల లోపల కొనుగోళ్ళని ఆపేయవచ్చు, దాని పాస్‌కోడ్ ఆయన్ని పెట్టమనండి. ఆండ్రాయిడ్ అయితే ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకీ ధ్రువీకరణ అడిగేలా మార్చి, ఆ ఉమ్మడి కార్డుని అకౌంట్‌లోంచి తీసేయండి. ప్లే స్టోర్‌లో నెలవారీ బడ్జెట్ పెట్టుకునే వీలుంది కానీ అది హెచ్చరిస్తుంది తప్ప కొనకుండా ఆపదు, దాన్ని నమ్ముకోవద్దు. పెట్టిన డబ్బు వెనక్కి అడగాలన్న ఆలోచన వస్తే, వాడేసిన డైమండ్లకి రీఫండ్ తీసుకుంటే అకౌంట్ ఆగిపోయే ప్రమాదం ఉందని గుర్తుంచుకోండి.

మీ ముందున్న దారులు చూద్దాం. ఈ గిల్డ్‌లోనే ఉండటం మొదటిది. అలారం తీసేసి, పొద్దున ఇరవై నిమిషాల పట్టీ పూర్తి చేస్తూ, లీడర్‌కి విడిగా ఒక ముక్క రాయండి, ‘రోజువారీ పనులన్నీ చేస్తాను, సోరెన్‌కి మా ఉదయం వస్తాను’ అని. చాలామంది లీడర్లకి కావలసింది కబురు. ఒప్పుకోకపోతే తీసేస్తాడు. అప్పుడు రెండో దారి, తేలిక గిల్డ్. అమెరికా సమయాల్లో ఆడే గిల్డ్ ఒకటి వెతుక్కుంటే సోరెన్ మీ సాయంత్రాల్లోనే తెరుచుకోవచ్చు. బాస్ మీద పడే మొత్తం దెబ్బ తక్కువ, గేర్ కాస్త నెమ్మదిగా వస్తుంది, కానీ హార్ట్‌లు యథాతథం. నన్నడిగితే మీ జీవితానికి సరిపోయేది ఇదే అనిపిస్తుంది. గిల్డ్‌లో ఉండటం వల్ల అన్నయ్యతో మాటలు పెరగలేదు కదా.

కొత్త సర్వర్ గురించి పెద్దగా చెప్పేది లేదు. ఇప్పుడు తెలిసిన విషయాలతో మొదలుపెడితే మొదటి కొన్ని వారాలు దూసుకెళతారు, అది నిజంగా సరదాగా ఉంటుంది. కానీ అక్కడ మీ పాత్ర కొత్తది, ఫ్రెండ్స్ లిస్టు ఖాళీ, కొత్తగా చేరినవాళ్ళ కోసం వచ్చే ఆఫర్లు వరుసగా తలుపు తడతాయి. మీరు భయపడుతున్న రెండూ, డబ్బు, అన్నయ్య, ఆ దారిలోనే ఎక్కువ దెబ్బతింటాయి.

ఆట తీసేయడం కూడా సరైన దారే, అందులో ఓటమి ఏమీ లేదు. తీసేసే ముందు సెట్టింగ్స్‌లో అకౌంట్‌ని మీ గూగుల్ లేదా యాపిల్ ఐడీకి కలిపారో లేదో చూసుకోండి, లేకపోతే మళ్ళీ తెరవాలనుకున్నప్పుడు దొరక్కపోవచ్చు. నెల రోజులు ఆడకపోతే గిల్డ్ ఎలాగూ తీసేస్తుంది. ఆడనివాళ్ళని కొందరు ఫ్రెండ్స్ లిస్టులోంచీ తీసేస్తుంటారు. కాబట్టి ఈ దారి పట్టేటట్టయితే, చెప్పకుండా మాయమవకండి. అన్నయ్యకి ముందే చెప్పండి.

ఇక ఆయన సంగతి. ఆఫీసర్ అయ్యుండి మీ విషయంలో ఏమీ మాట్లాడలేదని మీకు బాధగా ఉంది. లీడర్ మీకు పంపిన మెసేజ్ ఆయన చూశారో లేదో మీకు తెలియదు. చూసినా, రెండేళ్ళుగా మాట్లాడని చెల్లెలి తరఫున పదిమందిలో ఎలా మాట్లాడాలో తోచి ఉండకపోవచ్చు. గిల్డ్ చాట్‌లో మాత్రం ఈ విషయం ఎత్తకండి, అక్కడ ఆయన ఆఫీసర్‌గానే జవాబివ్వాల్సి వస్తుంది.

ఆట ద్వారానే పలకరించాలనుంటే దానికి ఒక చక్కటి వీలుంది. మెర్సినరీ కింద ఫ్రెండ్ హీరోని అరువు అడగవచ్చు. మీరు అడిగితే ఆయనకి రిక్వెస్ట్ వెళుతుంది, ఆయన ఒప్పుకుంటేనే హీరో వస్తాడు. రోజూ వెళ్ళే హార్ట్ కంటే ఇది ఒక అడుగు ముందుకు వేసిన పలకరింపు. ఆయన రోవాన్ మీ రోవాన్ కంటే ఎంతో పెద్దవాడై ఉంటాడు, మీ బలానికి తగ్గట్టు కొంత కుదించి ఇస్తుంది కానీ మీ టీమ్‌కి పనికొస్తాడు. వాడకానికి వారం వారం పరిమితి ఉంటుంది కాబట్టి మీరు ఎక్కువగా ఆగిపోయిన స్టేజ్ కోసం దాచుకోండి. గెలిస్తే, ‘అన్నయ్యా, నీ రోవాన్‌తో దాటాను’ అని విడిగా ఒక్క మెసేజ్ పెట్టండి. తెనాలి ఇల్లు ఆ మెసేజ్‌లోకి రానివ్వకండి. ఒప్పుకోకపోతే మనసు కష్టపెట్టుకోకండి, రిక్వెస్ట్‌లు చూడనివాళ్ళు చాలామంది ఉంటారు.

లేదా ఆటని పక్కనపెట్టి నేరుగా ఫోన్ చేయవచ్చు. ఇది కష్టమైన దారి. ఆయన ఎత్తకపోవచ్చు, ఎత్తి ఇంటి విషయమే మొదలుపెట్టవచ్చు. అలా జరిగితే, ‘అది ఇంకోరోజు మాట్లాడదాం, ఇవాళ నువ్వెలా ఉన్నావో కనుక్కుందామని చేశాను’ అని చెప్పి అక్కడితో ఆపే హక్కు మీకుంది. ఎత్తి మామూలుగా మాట్లాడితే, గిల్డ్‌లో ఉంటారా పోతారా అన్నది మీ ఇద్దరికీ చిన్న విషయం అయిపోతుంది. వేసవిలో మీకు శనివారం రాత్రి 8 అయితే ఆయనకి ఆదివారం ఉదయం 11. రోజు మారి గంటే అయ్యుంటుంది, ఆ వేళకి ఆయన చేతిలో ఫోనే ఉంటుంది.